ఆరకుండా... చల్లారాలి!

పదిహేను కోట్ల డిగ్రీల మంట. దాని సెగ గోడకు తగలకూడదు. అలాగని మంట ఆరిపోనూ కూడదు. భూమ్మీద చిన్న సూర్యుణ్ని వెలిగించాలని చూస్తున్న శాస్త్రవేత్తలకు ఎదురైన పెద్ద పరీక్ష ఇది. ఆ పరీక్షలో వాళ్లకు సాయపడుతున్నవి మనింటి బల్బులో ఉండే వస్తువులే!

లోపలంతా చీకటి. అంచుల్లో, అడుగున మాత్రం గులాబీరంగు వెలుగు ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. కేంద్రక సంలీన యంత్రాల లోపల తీసిన ఫొటోల్లో ఎక్కువగా కనిపించే దృశ్యమిది. అలాంటి ఫొటో ఒకటి పిల్లల చేతికిచ్చి 'ఇందులో బాగా వేడిగా ఉన్న చోటేది?' అని అడిగితే ఠక్కున ఆ గులాబీ వెలుగు మీద వేలు పెడతారు. పెద్దలైనా అంతే. పొయ్యిలోనైనా దీపంలోనైనా వెలిగే చోటే కదా వేడి ఉండేది!

కానీ ఆ జవాబు తప్పు. అసలు మంట మధ్యలో ఖాళీగా, చీకటిగా కనిపించే చోట ఉంది. అక్కడి వేడి కోట్ల డిగ్రీలు. అంత వేడిలో పుట్టే ఎక్స్ కిరణాలు మామూలు కెమెరాకు చిక్కవు. గులాబీ రంగులో మెరిసేది ఆ ప్లాస్మా మొత్తంలోకీ చల్లగా ఉన్న భాగం. మంట తన వేడిని వెలుగుగా మార్చుకుని చల్లారుతున్న చోటు అది. సంలీన విద్యుత్తు మన ఇళ్లకు వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ వెలుగు మీదే ఆధారపడి ఉంది.

సూర్యుడి కంటే పదింతలు

సూర్యుడు వెలిగేది కేంద్రక సంలీనంతోనే. తేలికపాటి ఉదజని కేంద్రకాలు ఒకదాన్నొకటి గుద్దుకుని, కలిసిపోయి హీలియంగా మారతాయి. ఆ కలయికలో బోలెడంత శక్తి పుడుతుంది. భూమ్మీద అదే పని చేయడానికి ఉదజని జాతికే చెందిన డ్యుటీరియం, ట్రిటియంలను వాడతారు. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు. అందుకే ప్రపంచ దేశాలన్నీ దీని వెంట పడ్డాయి.

సూర్యుడి నడిబొడ్డున ఉండే వేడి సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. మన యంత్రాల్లో మాత్రం 15 కోట్ల డిగ్రీలు కావాలి. సూర్యుడికి కేంద్రకాలను అదిమిపట్టేంత బరువుంది, మనకు లేదు. ఆ లోటును వేడితోనే పూడ్చుకోవాలి. ఇంత వేడిలో వాయువు వాయువుగా ఉండదు. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, విద్యుదావేశమున్న కణాల గుంపుగా మారుతుంది. అదే ప్లాస్మా.

దాన్ని ఏ గిన్నెలో ఉంచాలి? ఏ లోహమూ తట్టుకోలేదు. విద్యుదావేశమున్న కణాలు అయస్కాంత బలరేఖలను పట్టుకుని వాటి వెంటే తిరుగుతాయి. ఆ కిటుకును ఆసరా చేసుకుని 1950ల తొలినాళ్లలో సోవియట్ శాస్త్రవేత్తలు ఇగోర్ తామ్, ఆంద్రే సఖరోవ్ ఓ యంత్రానికి రూపకల్పన చేశారు. అచ్చం గారెలాగా మధ్యలో చిల్లు, చుట్టూ బోలుగా ఉండే గుండ్రటి గొట్టం. దాని చుట్టూ బలమైన అయస్కాంతాలు. ప్లాస్మా ఆ గొట్టం మధ్యలోనే గోడలకు తగలకుండా తిరుగుతూ ఉంటుంది. ఈ యంత్రం పేరే టోకమాక్.

అడుగున అసలు చిక్కు

మంటను గోడకు దూరంగా నిలబెట్టేశాం, ఇక బెంగేముంది అనుకోవడానికి లేదు. పుట్టిన వేడి ఎటో ఒకవైపు బయటికి రావాల్సిందే. చిక్కంతా ఇక్కడే.

దక్షిణ ఫ్రాన్స్‌లోని కడరాష్‌లో భారత్ సహా ఏడు భాగస్వామ్య పక్షాలు కలిసి కడుతున్న 'ఇటర్' యంత్రాన్నే తీసుకుందాం. ప్రపంచంలోనే అతిపెద్ద టోకమాక్ ఇది. దాని లక్ష్యం 500 మెగావాట్ల సంలీన శక్తి. అందులో అయిదింట నాలుగు వంతులు న్యూట్రాన్లతో పోతుంది. వాటికి విద్యుదావేశం లేదు కాబట్టి అయస్కాంతాలకు లొంగకుండా అన్ని వైపులకూ వెళ్లి గోడలంతా పరచుకుంటాయి. మిగిలిన 100 మెగావాట్లు హీలియం కేంద్రకాలతో ప్లాస్మాలోనే ఉండిపోతాయి. ప్లాస్మాను వేడెక్కించడానికి బయటి నుంచి ఇచ్చే మరో 50 మెగావాట్లు దీనికి తోడు. కొంత లోపలే వెలుగుగా పోయినా దాదాపు 100 మెగావాట్ల వేడి మాత్రం ప్లాస్మా అంచును దాటి బలరేఖల వెంట కిందికి జారుతుంది.

అది జారే చోట ఉండే ఏర్పాటే డైవర్టర్. కట్టెల పొయ్యి కింద బూడిద తీసే గూడు లాంటిదన్నమాట. సంలీనంలో 'బూడిద'గా మిగిలే హీలియాన్ని బయటికి తోడేసేదీ ఇక్కడి నుంచే. ఈ ఆలోచన 1951లోనే అమెరికా శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్‌కు వచ్చింది. ఇటర్‌లో 54 పెద్ద ముక్కలను గుండ్రంగా పేర్చి దీన్ని తయారుచేస్తున్నారు. ప్లాస్మా తాకే పలకలన్నీ టంగ్‌స్టన్‌వే.

గొట్టం అంత పెద్దదైనా వేడి మోసుకొచ్చే పొర మందం మాత్రం కొన్ని మిల్లీమీటర్లే. అంటే సన్నటి పట్టీ మీద అంత సెగా పడుతుంది. ఇటర్ పలకలు చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడిని నిలకడగా తట్టుకునేలా తయారవుతున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండకు ఇది పదివేల రెట్లు. ఇంకోలా చెప్పాలంటే, 1000 వాట్ల ఇస్త్రీపెట్టెలు పదివేలు తెచ్చి ఒక్క చదరపు మీటరు మీద ఒకేసారి పెట్టినట్టు! ఏ అడ్డూ లేకుండా ప్లాస్మాను నేరుగా పడనిస్తే సెగ అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. సూర్యుడి ఉపరితలం నుంచి వెలువడే వేడితో పోల్చదగ్గ స్థాయికి చేరుతుంది. వెనక నీళ్లు పారించి ఎంత చల్లబరిచినా, దాదాపు 3,400 డిగ్రీల దాకా కరగని టంగ్‌స్టన్ సైతం దానిముందు నిలవదు.

బల్బులోని సామాన్లే

ఎల్ఈడీలు రాకముందు ప్రతి ఇంట్లోనూ వెలిగిన పాత బల్బు గుర్తుందా? లోపల సన్నటి తీగ టంగ్‌స్టన్‌ది. చుట్టూ నింపే వాయువు ఆర్గాన్, నత్రజనుల మిశ్రమం. ఇక పట్నాల్లో హోటళ్ల మీద, సినిమా హాళ్ల మీద ఎర్రగా మెరిసే బోర్డుల్లో ఉండేది నియాన్.

టోకమాక్ అడుగున జరిగే కథలోనూ పాత్రధారులు ఈ నాలుగే. పలకలేమో టంగ్‌స్టన్‌వి. వాటి మీద పడే సెగను తగ్గించడానికి చొప్పించేవి నత్రజని, నియాన్, ఆర్గాన్. చిన్న గొట్టాల్లోంచి కొద్దికొద్దిగా ఈ వాయువును ప్లాస్మా అంచులోకి వదులుతారు. అంతే, అక్కడ వెలుగు మొదలవుతుంది.

ఉదజనికి ఉన్నదే ఒక్క ఎలక్ట్రాన్. కోట్ల డిగ్రీల వేడిలో అదీ ఊడిపోతుంది. ఎలక్ట్రానే లేని కేంద్రకం బల్బులోని వాయువులా వెలగలేదు. అందుకే ప్లాస్మా నడిమధ్య కెమెరాకు చీకటి. నత్రజనికి ఏడు ఎలక్ట్రాన్లు, నియాన్‌కు పది, ఆర్గాన్‌కు పద్దెనిమిది. కాస్త చల్లగా ఉండే అంచుల్లో వీటికి కొన్ని ఎలక్ట్రాన్లు మిగిలే ఉంటాయి. ప్లాస్మాలో దూసుకుపోతున్న కణం వచ్చి ఢీకొడితే అలా మిగిలిన ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది. మరుక్షణం కిందికి దిగుతూ, తీసుకున్న శక్తిని వెలుగు రూపంలో వదిలేస్తుంది. ఢీకొట్టిన కణం ఆ మేరకు నెమ్మదిస్తుంది. అంటే చల్లబడుతుంది. సెకనుకు లెక్కలేనన్ని సార్లు ఇదే తంతు.

శాస్త్రవేత్తలు 'రేడియేషన్' అంటున్నది ఈ వెలుగునే. ఆ మాట వినగానే అణుప్రమాదాలు గుర్తొస్తాయి కానీ ఇక్కడ దానర్థం వేరు. ఇందులో ఎక్కువ భాగం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి. సంలీనంలో పుట్టే న్యూట్రాన్లకూ, ఇంధనమైన ట్రిటియం రేడియోధార్మికతకూ జాగ్రత్తలు వేరే ఉంటాయి.

మరి వేడిని వెలుగుగా మారిస్తే ఒరిగేదేమిటి? ఎలా ఉన్నా శక్తి శక్తే కదా! తోటకు నీళ్లు పట్టేవాళ్లకు ఈ మర్మం తెలుసు. గొట్టంలోంచి దూసుకొచ్చే ధార ఒకేచోట పడితే మొక్క వేరుతో సహా లేచిపోతుంది. గొట్టం మూతికి బొటనవేలు అడ్డుపెడితే అవే నీళ్లు తుంపర్లై మడి అంతా పడతాయి. ప్లాస్మా కణాలు అయస్కాంత బలరేఖలకు బందీలు. అవి చూపిన సన్నటి పట్టీ మీదే పడాలి. వెలుగుకు ఆ సంకెళ్లు లేవు. పుట్టిన చోటు నుంచి అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. వేలెడు వెడల్పు పట్టీ మీద పడాల్సిన వేడిని విశాలమైన గోడలన్నీ తలాకాస్త పంచుకుంటాయి.

అంటీ ముట్టనట్టు

వాయువును ఇంకాస్త పెంచితే ఓ విచిత్రం జరుగుతుంది. పలకల దగ్గర వేడి తగ్గుతూ తగ్గుతూ సుమారు 50 వేల డిగ్రీలకు చేరాక ప్లాస్మా కణాలకు అక్కడ తిరుగాడే మామూలు ఉదజని పరమాణువులు ఎదురవుతాయి. సంతలో జనాన్ని తోసుకుంటూ నడిచేవాడిలా వాటితో గుద్దుకుంటూ ప్లాస్మా తన ఊపంతా పోగొట్టుకుంటుంది. పదివేల డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి విడిపోయిన ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు మళ్లీ జతకట్టి మామూలు పరమాణువులైపోతాయి. పలకను తాకాల్సిన ప్లాస్మా దాని దాకా రాకముందే చాలావరకు మాయమన్నమాట!

పలకకూ ప్లాస్మాకూ మధ్య చల్లటి వాయువు మెత్తటి పరుపులా నిలుస్తుంది. ప్లాస్మా అంటీ ముట్టనట్టు పైనే ఆగిపోతుంది. ఈ స్థితినే 'డిటాచ్‌మెంట్' అంటారు. పదివేల డిగ్రీలు చల్లదనమేమిటి అనిపిస్తుంది. సూర్యుడి ఉపరితలానికి దాదాపు రెట్టింపది. కానీ గాలి కంటే వేల రెట్లు పలచగా ఉండే ఆ వాయువులో మోసుకొచ్చే వేడి తక్కువ. పైగా నెమ్మదించిన కణాలకు పలక నుంచి టంగ్‌స్టన్ పరమాణువులను పెకలించే సత్తువ కూడా ఉండదు. సెగా తగ్గుతుంది, అరుగుదలా తగ్గుతుంది.

ఎంత వేడి దగ్గర పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుంటాయో లెక్కగట్టే సూత్రాన్ని 1920లో ప్రపంచానికిచ్చింది మన మేఘనాథ్ సాహాయే. నక్షత్రాల వెలుగును చదవడానికి ఆయన వేసిన బాట అది. టోకమాక్ అడుగున లెక్క మరింత జటిలమే అయినా వేడిని బట్టి పరమాణువు రూపు మారడమన్న మూలసూత్రం మాత్రం ఒకటే.

కత్తి మీద సాము

అయితే ఇంకేం, వాయువును ధారాళంగా వదిలేస్తే సరి... అనుకుంటే కొంప మునుగుతుంది. చల్లదనం పలకల దగ్గరే ఆగాలి. మోతాదు మించితే వెలుగు పట్టీ నెమ్మదిగా పైకి పాకుతుంది. అంచును దాటి అసలు ప్లాస్మాలోకి చొరబడితే అక్కడి వేడినీ లాగేసి వెదజల్లుతుంది. మంట నిలకడ కోల్పోయి సెకనులో వెయ్యో వంతుల వ్యవధిలో కుప్పకూలుతుంది. అందులో దాచుకున్న శక్తంతా ఒక్కసారిగా గోడల మీద పడుతుంది. పోనీ భయపడి వాయువును తగ్గించారా... ప్లాస్మా తిరిగి పలకను అంటుకుంటుంది. క్షణాల్లో పలక దెబ్బతింటుంది. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా కూర చెడుతుంది. ఇక్కడ చెడేది వేల కోట్ల యంత్రం!

లోపలికి చేరకూడని వెలుగు ఎంత ప్రమాదమో 1970ల్లోనే తెలిసొచ్చింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ లార్జ్ టోరస్ అనే యంత్రంలో టంగ్‌స్టన్ భాగాలు వాడారు. అక్కడి నుంచి ఊడిన పరమాణువులు ప్లాస్మా నడిమధ్యకు చేరాయి. టంగ్‌స్టన్‌కు ఎలక్ట్రాన్లు 74. ఎంత వేడిలోనైనా కొన్ని మిగిలే ఉంటాయి. అవి నట్టనడుమ వెలుగుతూ వేడిని బయటికి చిమ్మేయడంతో ప్లాస్మా మధ్యభాగమే చల్లబడింది. దాంతో శాస్త్రవేత్తలు టంగ్‌స్టన్‌కు దణ్ణం పెట్టి బొగ్గు జాతికి చెందిన గ్రాఫైట్ వైపు మళ్లారు. దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది. గోడ నుంచి రాలే కర్బనమే అంచుల్లో వెలిగి సెగను కొంత తగ్గించేది కూడా. కానీ కర్బనం ట్రిటియాన్ని స్పంజిలా పీల్చి దాచేస్తుంది. అరుదైన, రేడియోధార్మిక ఇంధనం గోడల్లో పేరుకుపోతే కుదరదు.

అందుకే మళ్లీ టంగ్‌స్టన్. జర్మనీలో మ్యూనిచ్ దగ్గరి గార్షింగ్‌లో ఉన్న 'ఆస్డెక్స్ అప్‌గ్రేడ్' యంత్రం 2007 నాటికి పూర్తిగా టంగ్‌స్టన్ గోడలకు మారింది. ఇంగ్లండ్‌లోని కల్హమ్‌లో ఉన్న 'జెట్' 2011 నుంచి టంగ్‌స్టన్ డైవర్టర్‌తో పనిచేసింది. గోడ నుంచి ఊరికే వచ్చే కర్బనపు వెలుగు పోయింది కాబట్టి దాని స్థానంలో నత్రజనినో నియాన్‌నో కొలిచి పోయడం తప్పనిసరైంది.

ఆ కొలత ఎలా? లోపలి వెలుగును కనిపెట్టడానికి బోలోమీటర్లున్నాయి. 1878లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ సూర్యుడి వేడిని కొలవడానికి కనిపెట్టిన పరికరమిది. పావు మైలు దూరంలో ఉన్న ఆవు ఒంటి వేడిని సైతం పసిగట్టేదని చెబుతారు. టోకమాక్‌లో పలచటి లోహపు రేకుల మీద పడే వెలుగు వాటిని ఎంత వేడెక్కించిందో చూస్తారు. వేర్వేరు దిక్కుల నుంచి చూస్తున్న ఎన్నో బోలోమీటర్ల లెక్కలను కలిపితే, ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసినట్టు, వెలుగు ఎక్కడుందో బొమ్మ కట్టేస్తుంది. దాన్ని బట్టి వాయువు వదిలే వాల్వును కంప్యూటర్ క్షణక్షణం తెరుస్తూ మూస్తూ ఉంటుంది.

గురి తప్పితే దొరికింది

ఆస్డెక్స్ అప్‌గ్రేడ్‌లోనే కథ మరో మలుపు తిరిగింది. డైవర్టర్‌కు కాస్త పైన బలరేఖలు ఇంటూ గుర్తులా దాటుకునే చోటు ఒకటుంటుంది. వెలుగు అక్కడికి పాకిందంటే ప్లాస్మాకు చేటేనని చాలాకాలం భయపడ్డారు. మథియాస్ బెర్నెర్ట్, ఆయన సహచరులు మాత్రం నత్రజనిని జాగ్రత్తగా పెంచుతూ తగ్గిస్తూ ఆ వెలుగు ముద్దను సరిగ్గా ఇంటూ గుర్తు మీదే నిలబెట్టొచ్చని చూపించారు. కావాలంటే కొన్ని సెంటీమీటర్లు పైకి, కొన్ని సెంటీమీటర్లు కిందికి! తగినంత పైన నిలిపినప్పుడు ప్లాస్మా అంచులో మాటిమాటికీ వచ్చే పేలుళ్లు కూడా ఆగిపోయాయి. పలకలను వేధించే మరో బెడద అది.

అంతకంటే తమాషా సంగతి ఇంకోటి. అదే బృందంలోని టిల్‌మన్ లంట్ ఓ ప్రయోగంలో ప్లాస్మా అంచును అనుకున్నదాని కంటే బాగా దగ్గరగా డైవర్టర్ వైపు జరిపేశారు. పొరపాటున! పలకలు దెబ్బతినాలి. ఏమీ కాలేదు. ఆ తర్వాత కావాలనే జరిపి చూశారు. మామూలుగా 25 సెంటీమీటర్ల దూరం ఉంచేవాళ్లు కాస్తా 5 సెంటీమీటర్ల లోపుకు తెచ్చినా పలకలు భద్రంగానే ఉన్నాయి. అడ్డుగా నిలిచిన వెలుగే కాపాడింది. 2023లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. డైవర్టర్‌కు వదిలే ఖాళీ తగ్గితే అదే గదిలో ఎక్కువ ప్లాస్మా పడుతుంది. రేపటి యంత్రాలను కాస్త చిన్నగా, చవగ్గా కట్టుకోవచ్చన్న ఆశ చిగురించింది.

నత్రజనితోనూ ఓ పేచీ ఉంది. అది ఉదజనితో కలిసి అమోనియా అవుతుంది. ఇంధనంలో ట్రిటియం ఉంటుంది కాబట్టి ఆ అమోనియాలోనూ చేరుతుంది. దాన్ని వేరుచేయడం పెద్ద పని. అందుకే ఇటర్ చూపు ఎక్కువగా నియాన్ మీద ఉంది. 2023 డిసెంబరులో మూతపడే ముందు జెట్‌లోనూ నియాన్‌తో ఎన్నో ప్రయోగాలు చేశారు.

మన ఆదిత్య

ఈ పరుగులో మనమూ ఉన్నాం. గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గరున్న ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లోనే 'ఆదిత్య' టోకమాక్ పనిచేయడం మొదలుపెట్టింది. దాన్ని ఆధునికీకరించి 2016లో 'ఆదిత్య-యు'గా మార్చారు. ఇటర్‌తో పోలిస్తే చిన్నదే అయినా నియాన్ లాంటి వాయువులను కొద్దికొద్దిగా చొప్పించి అంచుల్లో వెలుగును పెంచితే ప్లాస్మా ఎలా ప్రవర్తిస్తుందో అందులోనూ పరీక్షించారు. 2005లో ఇటర్‌లో చేరిన భారత్, ఆ యంత్రం మొత్తాన్నీ కప్పి ఉంచే క్రయోస్టాట్‌ను తయారుచేసి ఇచ్చింది. 29 మీటర్ల ఎత్తు, 3,850 టన్నుల బరువున్న ఆ ఉక్కు పాత్ర భాగాలు హజీరాలో రూపుదిద్దుకుని ఓడల్లో ఫ్రాన్స్ చేరాయి. దాని అడుగుభాగాన్ని 2020 మేలో యంత్రపు గుంతలో దింపారు.

2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం ఇటర్‌లో పరిశోధనలు మొదలయ్యేది 2034లో. డ్యుటీరియం, ట్రిటియంలతో అసలు మంట వెలిగేది 2039లో. అప్పటికి అంచుల్లోని వేడిలో సగానికి పైగా వెలుగుగా మార్చడం అలవాటైపోవాలి. ఆ తర్వాత కట్టాలనుకుంటున్న విద్యుత్ కేంద్రాల్లో అది కూడా చాలదు. నూటికి 90 పాళ్లకు పైగా వేడిని వెలుగుగా చల్లేయాలి. అదీ నిమిషాల తరబడి కాదు, నెలల తరబడి, ఒక్క క్షణం కూడా ఏమరకుండా. ఇప్పటివరకు ప్రయోగాల్లో సాధించింది సెకన్లు, నిమిషాల లెక్కే.

అందుకే ఏ టోకమాక్ ఫొటో చూసినా ఈ శాస్త్రవేత్తల కళ్లు ముందుగా వెతికేది అడుగున ఉన్న ఆ గులాబీ వెలుగునే. అది ఉండాల్సిన చోట ఉందంటే, పైన చీకట్లో మంట క్షేమంగా ఉన్నట్టు. కింద పలక కూడా చల్లగా ఉన్నట్టు!